బుల్లెట్లు పోసుకోవడానికి సీసం: ఏడాది పొడుగునా దొరకాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు ఒహాయోలో ఉంటారు, వారానికి 200 దాకా 9 ఎంఎం పిస్టల్ బుల్లెట్లు కాలుస్తారు. మూస కొన్నారు, కరిగించే పాట్ కొన్నారు, తీరా చూస్తే అందులో వేయడానికి సీసం లేదు. చక్రాల నుంచి తీసిన పాత సీసం అడిగితే టైర్ల షాపులవాళ్ళు తల అడ్డంగా ఊపుతున్నారు. ఆన్‌లైన్‌లో దిమ్మెలు తెప్పించుకుంటే దాదాపు తయారు బుల్లెట్ ఖర్చే అవుతోంది. ఎవరో స్క్రాప్ యార్డ్ ఆయన 180 పౌండ్ల పాత సీసం పైపులు చూపించాడట, అవి తీసుకోవచ్చా అని కూడా అడిగారు. నేను పక్కనే పెన్సిల్వేనియాలో పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. పైపుల సంగతి చివర్లో చెప్తాను.

దానికంటే ముందు చట్టం గురించి, మీరు వీసా సంగతి రాయలేదు కాబట్టి. ఇక్కడి ఫెడరల్ చట్టంలో అమ్యునిషన్ అంటే పూర్తిగా తయారైన రౌండ్ (తూటా) ఒక్కటే అనుకోకండి. ఖాళీ కేసు (తూటా గొట్టం), దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, తుపాకీ మందు, విడి బుల్లెట్ అన్నీ ఆ మాటలోకే వస్తాయి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద వచ్చినవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదు, అమ్యునిషనూ ఉండకూడదు. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి గానీ అవి లాయర్‌ని అడిగి తేల్చుకోవలసినవి. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ళకి ఈ అడ్డు లేదు. సొంతానికి పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మే వ్యాపారానికి కావాలి. ఇండియాలో అయితే ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తయారు చేయడమే నేరం. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు మూసని ముచ్చటగా సూట్‌కేసులో పెట్టుకోకండి.

ఇక అసలు విషయం. సీసం ఆగకుండా దొరికే చోటు కోసం మీరు వెతుకుతున్నారు. అలాంటి చోటు నాకు ఇన్నేళ్ళలో కనపడలేదు. సీసం వానలా వస్తుంది. ఒక నెలలో 300 పౌండ్లు వచ్చి పడతాయి, తర్వాత ఎనిమిది నెలలు చుక్క ఉండదు. చెరువు ఉన్నవాడికి అది సరిపోతుంది, బిందెతో వెళ్ళినవాడికి ఎప్పుడూ కరువే. కాబట్టి మొదట మీ చెరువు ఎంత ఉండాలో లెక్క వేసుకోండి. పౌండుకి 7000 గ్రెయిన్లు. 9 ఎంఎంకి మామూలుగా వాడే 124 గ్రెయిన్ల బుల్లెట్లు పౌండుకి 56 వస్తాయి. వారానికి 200 అంటే ఏడాదికి 10,400, అంటే సుమారు 185 పౌండ్లు. కరిగించినప్పుడు పైకి తేలే మడ్డి కింద పోయేది, నేలపాలయ్యేది కలుపుకుని 200 అనుకోండి. రెండున్నరేళ్ళ సరుకు చేతిలో ఉండాలంటే 500 పౌండ్లు కావాలి. వినడానికి భయంగా ఉంటుంది గానీ, సీసం బరువే తప్ప చోటు తినదు. 500 పౌండ్లంటే మన ఊళ్ళో ఇంటింటికీ వేసే 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్ అంత పరిమాణం, అంతే. నేల మీదే పెట్టండి, అలమార అరల్లో మాత్రం పెట్టకండి. నా మొదటి అర ఎలా విరిగిందో మా ఆవిడ ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్ళకి చెప్తుంది.

టైర్ల షాపుల దగ్గరికి వద్దాం. చక్రం బ్యాలెన్స్ చేయడానికి రిమ్ము అంచుకి కొట్టే క్లిప్ వెయిట్లు మా తరం వాళ్ళకి అన్నం పెట్టాయి. వాటిలో సుమారు 3 శాతం ఆంటిమొనీ (సీసాన్ని గట్టిపరిచే లోహం), అర శాతం తగరం, మిగతాది సీసం. గట్టిదనం బ్రినెల్ లెక్కలో 10 నుంచి 12. పిస్టల్ బుల్లెట్‌కి ఎవరో కావాలని కలిపిపెట్టినట్టు ఉంటుంది. రిమ్ము లోపల అంటించే పట్టీ వెయిట్లు వేరే రకం, అవి దాదాపు స్వచ్ఛమైన మెత్తటి సీసం. రెండూ ఒకే బకెట్లో ఉంటాయి గానీ ఒకే పాట్‌లో వేయకండి.

ఆ కాలం పోతోంది. యూరప్ 2005లోనే సీసం వెయిట్లు ఆపేసింది. ఇక్కడ కాలిఫోర్నియా, వాషింగ్టన్, మేయిన్, న్యూయార్క్, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలు ఒకదాని వెనక ఒకటి నిషేధించాయి. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా ఇనుము, జింక్. నేను మొదలుపెట్టినప్పుడు బకెట్లో ముప్పావు వంతు సీసం ఉండేది. పోయిన ఏడాది తెచ్చిన బకెట్లో సగం కూడా లేదు. అయినా టైర్ల షాపుని పూర్తిగా వదిలేయకండి. ఊరూరా శాఖలున్న పెద్ద కంపెనీ షాపుల్లో అడగడం దండగ, వాళ్ళకి రీసైక్లింగ్ కంపెనీతో ఒప్పందం ఉంటుంది, కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడు ఇద్దామనుకున్నా ఇవ్వలేడు. ఓనరే స్వయంగా జాకీ పట్టుకుని కనిపించే చిన్న షాపు చూసుకోండి. శనివారం వెళ్ళకండి, ఆ రోజు ఆయనకి ఊపిరాడదు. మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్ళి, యార్డ్‌వాడు పౌండుకి ఎంత ఇస్తున్నాడో అడిగి, దానికి పది సెంట్లు ఎక్కువ ఇస్తానని చెప్పండి. బకెట్ మీరే తీసుకెళ్ళండి, నిండినది తీసుకుని ఖాళీది అక్కడ పెట్టి రండి. నా షాపు ఆయన మెక్సికో మనిషి. మొదటిసారి లేదన్నాడు, రెండోసారీ లేదన్నాడు. మూడోసారి సమోసాలు పట్టుకెళ్ళాను, పచ్చిమిరపకాయల దగ్గర ఇద్దరికీ మాట కలిసింది. ఆరేళ్ళుగా బకెట్ నిండితే ఆయనే మెసేజ్ పెడతాడు.

జింక్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, నా చేయి కాలింది అక్కడే. సీసం 621 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర కరుగుతుంది, జింక్ 787 దగ్గర. మధ్యలో ఉన్న ఆ ఖాళీయే మీకు రక్ష. పాట్‌ని 700 లోపు ఉంచితే జింక్ ముక్కలు, ఇనప క్లిప్పులు కరక్కుండా పైకి తేలతాయి, గరిటెతో తీసి పారేయవచ్చు. ఒకసారి నవంబర్ సాయంత్రం, చీకటి పడుతోందని తొందరపడి, థర్మామీటర్ చూడకుండా మంట పెంచాను. 40 పౌండ్ల సీసం కాస్తా రాగిసంకటిలా తయారైంది. మూసలో పోస్తే అంచులు నిండవు, పైన నురగ, ఎన్నిసార్లు ఫ్లక్స్ (మలినాల్ని విడదీయడానికి వేసే మైనం లాంటిది) వేసినా అంతే. ఆ దిమ్మెలు ఇప్పుడు గ్యారేజీ తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపడానికి పనికొస్తున్నాయి. అందుకే ముందు ఏరుకోవడంలో బద్ధకించవద్దు. జింక్ వెయిట్ మీద చాలాసార్లు జడ్ఎన్ అనీ, ఇనప దాని మీద ఎఫ్ఈ అనీ అచ్చు ఉంటుంది. లేకపోతే కటింగ్ ప్లయర్‌తో నొక్కండి. ప్లయర్ అంచు సీసంలోకి వెన్నలోకి దిగినట్టు దిగుతుంది, జింక్ మొరాయిస్తుంది. సిమెంట్ నేల మీద పడేస్తే సీసం దబ్బుమంటుంది, జింక్ ఖంగుమంటుంది. వంద ముక్కలు ఏరాక చెవే చెప్పేస్తుంది.

నన్నడిగితే ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకి అన్నిటికంటే నమ్మకమైన గని వాళ్ళు కాల్చే క్లబ్బే. మీరు, మీలాంటి 200 మంది సభ్యులు వారం వారం గురి వెనకున్న మట్టిదిబ్బలోకి సీసం పంపిస్తున్నారు, అది ఎక్కడికీ పోదు. ఇండోర్ రేంజ్‌లు (గది లోపల కాల్చే చోట్లు) సాధారణంగా కంపెనీలకి అమ్ముకుంటాయి. బయటి రేంజ్ ఉన్న సభ్యుల క్లబ్‌లో మాత్రం అవకాశం ఉంటుంది. అడగకుండా పార పట్టుకుని వెళ్ళకండి, దిబ్బ కూలితే ప్రమాదం, పైగా సభ్యత్వం పోతుంది. కమిటీ మీటింగ్‌కి వెళ్ళి నిలబడి అడగండి. పర్యావరణ సంస్థ ఈపీఏ బయటి రేంజ్‌ల వాళ్ళ కోసం వేసిన మార్గదర్శక పుస్తకంలో దిబ్బల్లోని సీసాన్ని ఎప్పటికప్పుడు తీసి రీసైకిల్ చేయమనే ఉంది. ఆ మాట చెప్తే పెద్దవాళ్ళు చెవి ఒగ్గుతారు. మా క్లబ్‌తో నా ఒప్పందం సులువు. తవ్వేది నేను, జల్లెడ పట్టేది నేను, దిబ్బ మళ్ళీ సరిచేసేది నేను. వచ్చిన సీసంలో మూడో వంతు క్లబ్‌కి దిమ్మెలుగా ఇస్తాను, వాళ్ళు వేలంలో అమ్ముకుంటారు. పెద్ద వాన పడిన మర్నాడు మట్టి కొట్టుకుపోయి బుల్లెట్లు పైకి తేలి కనిపిస్తాయి, ఆ రోజు రెండు గంటల్లో వచ్చేంత ఎండాకాలంలో రోజంతా తవ్వినా రాదు.

రేంజ్ సరుకులో రాగి తొడుగులు చాలా ఉంటాయి. సీసం కరిగి కిందికి దిగాక అవి పైన తేలతాయి, తీసి వేరే డబ్బాలో వేసుకుంటే రాగి కింద అమ్ముడుపోతాయి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. నేల ఊడ్చిన చెత్తలో అప్పుడప్పుడు పేలని పూర్తి రౌండ్ ఉంటుంది. అది పాట్‌లో పడితే పేలి కరిగిన సీసాన్ని మీ మీదికి ఎగజిమ్ముతుంది. పళ్ళెంలో పరిచి ప్రతి ముక్కా కళ్ళతో చూడందే వేయవద్దు. తడి కూడా అంతే. కరిగిన సీసం కింద ఒక్క చుక్క నీరు చేరినా క్షణంలో ఆవిరై పైనున్నదంతా ఎగదన్నుతుంది. తడి అనుమానం ఉన్న సరుకుని చల్లటి ఖాళీ పాట్‌లో వేసి, అప్పుడు మంట వెలిగించండి. కాగుతున్న పాట్‌లో మాత్రం వేయకండి.

దిబ్బ సీసం మెత్తగా ఉంటుంది కదా, 9 ఎంఎంకి పనికొస్తుందా అని మీరు అడగబోతున్నారు. పనికొస్తుంది. బుల్లెట్ గట్టిగా లేకపోతే బ్యారెల్‌లో సీసం పూసుకుపోతుందని అందరూ భయపెడతారు. నా అనుభవంలో పది కేసుల్లో ఎనిమిది గట్టిదనం సమస్య కాదు, కొలత సమస్య. బ్యారెల్ లోపలి గాడి కొలత కంటే బుల్లెట్ అంగుళంలో వెయ్యో వంతు లావుగా ఉండాలి. సన్నగా ఉంటే పక్కల నుంచి వేడి గ్యాస్ దూరి సీసాన్ని కరిగిస్తుంది, అప్పుడు లైనోటైప్ (పాత ప్రెస్సుల్లో వాడిన గట్టి అచ్చు లోహం) పోసినా లాభం లేదు. దీనికి తోడు ఇప్పుడు పౌడర్ కోటింగ్ వచ్చింది. రంగు పొడిలో కలియబెట్టి 400 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఇరవై నిమిషాలు ఓవెన్‌లో పెడితే ప్లాస్టిక్ లాంటి పొర పడుతుంది. గట్టి మిశ్రమం కోసం వెతుకులాట తగ్గిపోతుంది, నిన్నటిదాకా వద్దనుకున్న మెత్తటి సీసం కూడా పనికొచ్చే సరుకు అవుతుంది. ఓవెన్ మాత్రం పాతది ఒకటి విడిగా కొనుక్కోండి. వంటింట్లోది వాడితే ఆరోగ్యమూ పోతుంది, కాపురమూ పోతుంది.

మన తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక దారి ఉంది, ఎవరూ వాడుకోరు. మనలో డాక్టర్లు, డెంటిస్టులు ఎంతమంది! ఎక్స్‌రే గది గోడల లోపల సీసం రేకు ఉంటుంది. క్లినిక్ మార్చినా, గది పడగొట్టినా ఆ రేకు కాంట్రాక్టర్‌కి తలనొప్పి. అంగుళంలో పదహారో వంతు మందం రేకు చదరపు అడుగుకి దాదాపు 4 పౌండ్లు తూగుతుంది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న ఒక్క పలక అంటే దాదాపు 120 పౌండ్లు, అదీ స్వచ్ఛమైన సీసం. గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ మాటల్లో ఒక డెంటిస్ట్ గారు క్లినిక్ మారుస్తున్నామన్నారు. ఆ వారాంతం నా ట్రక్కు వెనక టైర్లు సగం కుంగిపోయాయి. అలాగే పాత ఇళ్ళు పడగొట్టే కాంట్రాక్టర్లు, పైకప్పులు వేసేవాళ్ళు, ప్లంబర్లు. వాళ్ళకి ఒక కార్డు ఇచ్చి పెట్టండి, “సీసం నేను కొంటాను, నేనే వచ్చి మోసుకెళ్తాను” అని రాసి. మోసుకెళ్తాను అన్న ముక్కే వాళ్ళకి ముఖ్యం.

కారు బ్యాటరీల జోలికి పోవద్దు. అందులో ఆసిడ్ ఉంటుంది, పలకల్లో ఆర్సెనిక్, కాల్షియం, ఆంటిమొనీ ఉంటాయి. ఆ మడ్డికి తడి తగిలితే విషవాయువులు పుడతాయి. ఇంతా చేసి దక్కే సీసం పిడికెడు. కొత్త బ్యాటరీ కొన్నప్పుడు పాతది ఇచ్చేసి డిపాజిట్ వెనక్కి తీసుకోండి.

2013 చివర్లో మిస్సోరీలోని హెర్క్యులేనియంలో డో రన్ వాళ్ళ ఫ్యాక్టరీ మూతపడింది. ఖనిజం నుంచి సీసం తీసే ఆఖరి ఫ్యాక్టరీ ఈ దేశంలో అదే. ఇక బుల్లెట్లకి సీసం ఉండదని అప్పుడు పెద్ద టెన్షన్ లేచింది. అసలు ఇక్కడ వాడే సీసంలో ఎక్కువ భాగం అప్పటికే పాత బ్యాటరీలు కరిగించి తీసినది, దానికేమీ కాలేదు. ఆ భయంలో రెట్టింపు ధరకి కొన్నవాళ్ళు నాకు తెలుసు, అందులో నేనూ ఒకణ్ణి. కాబట్టి ధర చూసుకుని కొనండి, పుకారు చూసి కొనకండి. పౌండు ఒకటిన్నర డాలర్ అనుకుంటే ఒక్కో బుల్లెట్‌కి మూడు సెంట్ల లోపే. మీరు చూసిన తయారు బుల్లెట్ ధర పక్కన ఈ లెక్క పెట్టుకుని, ఎంతవరకు కొనవచ్చో అంకె ఒకటి రాసుకోండి. ఆ లోపు దొరికితే ఎంతున్నా తెచ్చేయండి. తోటివాళ్ళ దగ్గర కొనేటప్పుడు పోస్టాఫీసు మీడియం ఫ్లాట్ రేట్ పెట్టె అడగండి. 70 పౌండ్ల దాకా బరువు ఎంతున్నా ఛార్జీ ఒకటే. ఆ పెట్టె ఎత్తిన మా పోస్ట్‌మన్‌కి క్రిస్మస్ కానుక కాస్త ఘనంగానే ఇస్తుంటాను.

తగరం విడిగా సంపాదించుకోవాలి. మూస అంచులు చక్కగా నిండాలంటే ఒకటి, రెండు శాతం చాలు, 20 పౌండ్ల పాట్‌కి మూడు ఔన్సులు వేసినా తేడా తెలుస్తుంది. పాత సామాన్ల దుకాణాల్లో ప్యూటర్ మగ్గులు, పళ్ళేలు దొరుకుతాయి. ఈ కాలపు ప్యూటర్‌లో 90 శాతం పైగా తగరమే, మన చారు కాచే సత్తు గిన్నెకి వరస అయ్యేదే. అలాగని ఊళ్ళో అమ్మ దగ్గరున్న గిన్నె మీద కన్ను వేయకండి, నేను ఒకసారి నోరు జారి అడిగి చీవాట్లు తిన్నాను. తెనాలిలో మా బాబాయికి ప్రెస్సు ఉండేది, సీసం అక్షరాలు కేసుల్లోంచి ఏరి కంపోజ్ చేసేవారు. ఆఫ్‌సెట్ వచ్చాక ఆ అక్షరాలన్నీ తూకానికి అమ్మేశారు. లైనోటైప్ లోహంలో 12 శాతం ఆంటిమొనీ, 4 శాతం తగరం ఉంటాయనీ, మెత్తటి సీసాన్ని గట్టిపరచడానికి అంతకంటే మంచిది లేదనీ ఇక్కడికొచ్చాక తెలిసింది. అప్పటికి బాబాయి అక్షరాలు ఎవరి వలకి గుళ్ళయ్యాయో. ఇక్కడ మూతపడిన పాత ప్రెస్సుల సామాను వేలంలో లైనోటైప్ కనిపిస్తే వదలకండి, కానీ నేరుగా పోయకండి, మెత్తటి దానిలో కొద్దిగా కలుపుకోండి.

ఏ సరుకు వచ్చినా వేరువేరుగా దిమ్మెలు పోసి, ప్రతి దిమ్మె మీద రకం, నెల రాయండి. నేను మార్కర్‌తో రాస్తాను. గుర్తు లేని దిమ్మె వంటింట్లో పేరు లేని డబ్బా లాంటిది, ఉప్పో పంచదారో వేశాక గాని తెలియదు. కరిగించేది ఆరుబయట, ఇనప పాత్రలో. అల్యూమినియం గిన్నె వద్దు, ఆ వేడికి బలం తగ్గి అడుగు ఊడుతుంది. పొగ కంటే దుమ్ము ప్రమాదం. మడ్డి మీద లేచే బూడిద చేతులకి, బట్టలకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. ఇంట్లో పిల్లలుంటే బూట్లు గ్యారేజీలోనే వదలండి, ఆ బట్టలు విడిగా ఉతకండి, ముందు చేతులు కడిగి ఆ తర్వాతే టీ. పిల్లల రక్తంలో డెసిలీటర్‌కి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని 2021లో ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ హద్దు తగ్గించింది. మీరు కూడా ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి, మీ డాక్టర్‌కి విషయం చెప్పి.

ఇక మీ 180 పౌండ్ల పైపులు. తీసుకోండి. పాత నీటి పైపు దాదాపు స్వచ్ఛమైన మెత్తటి సీసం. క్లిప్ వెయిట్లతో సగం సగం కలిపి, కాస్త తగరం వేసి, పౌడర్ కోట్ చేస్తే మీ 9 ఎంఎంకి హాయిగా సరిపోతుంది. యార్డ్‌లోనే రంపంతో రెండు మూడు చోట్ల కోసి చూడండి, లోపల మట్టీ నీళ్ళూ ఉంటే ఆ బరువు తీసేసి లెక్క కట్టమనండి. పైన తెల్లటి పొడి ఉంటే తడిగుడ్డతో తుడవండి, పొడిగా దులపకండి, తర్వాత వారం రోజులు ఎండబెట్టండి. పైపులు కలిసే చోట్ల లావుగా గుమ్మడికాయ బుడిపెల్లా ఉంటాయి చూడండి, అవి ప్లంబర్లు సోల్డర్‌తో కట్టిన అతుకులు, వాటిలో సుమారు మూడో వంతు తగరమే. ఆ బుడిపెలు కోసి విడిగా దాచుకోండి. యార్డ్ ఆయనకి ఆ సంగతి తెలియదు, మీరూ చెప్పనక్కర్లేదు.